వేళ్లు వదులైతేనే వేగం: బేస్ గిటార్ సాధనపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం చేతుల గురించే. నొప్పి, వేగం, తీగల రొద, టైమింగ్ అని వేర్వేరుగా అడిగారు కానీ, చాలావాటికి మూలం ఒక్కటే. కావలసినదానికంటే ఎక్కువ బలం వాడుతున్నారు. జవాబులన్నీ మామూలు నాలుగు తీగల బేస్‌ను, ‘ఈ-ఏ-డి-జి’ శ్రుతిని (మందమైన తీగ నుంచి సన్నదానికి) దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మామూలు రోజుల్లో బేస్ ముట్టుకోవడం కుదరదు, శని, ఆదివారాల్లో రెండేసి గంటలు కూర్చుంటాను. ఏడాదిగా 1-2-3-4 వేళ్ల (చూపుడు నుంచి చిటికెన దాకా) కసరత్తు చేస్తున్నా, పాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఎక్కడిదక్కడే ఉంది. రోజుకు అరగంట వీలు చేసుకుంటే సరిపోతుందా? ఎలా పంచుకోవాలి?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

సరిపోతుంది, రోజూ అయితే. వారాంతంలో రెండు గంటలు కూర్చున్నప్పుడు రెండో గంటంతా అలసిన చేత్తోనే వాయిస్తారు. అలసిన చెయ్యి నెక్‌ను బిగించి పట్టుకోవడం తప్ప కొత్తగా ఏమీ నేర్చుకోదు.

మొదటి ఐదు నిమిషాలు కుడిచేతికి ఇవ్వండి. మెట్రోనోమ్ (లయకు క్లిక్ ఇచ్చే పరికరం) 60లో, అంటే నిమిషానికి 60 బీట్లలో పెట్టి, ఖాళీ తీగల మీద బీటుకు ఒకటి, తర్వాత రెండు. చూపుడు వేలు, నడిమి వేలు మార్చి మార్చి మీటాలి. ఏ వేలితో మీటారో కళ్లు మూసుకుని వినేవాడికి తెలియకూడదు. అదొక్కటే పరీక్ష.

తర్వాత పది నిమిషాలు ఎడమచెయ్యి. ఐదో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు విడదీసే గడి) నుంచి మొదలుపెట్టండి. అయితే 1-2-3-4 వరస ఏడాదిగా చేస్తున్నారు కాబట్టి దాన్ని పక్కన పెట్టండి. నాలుగు వేళ్లను 24 రకాలుగా వరస మార్చవచ్చు. రోజుకు రెండు వరసలు తీసుకుంటే 12 రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. 1-3-2-4, 1-4-2-3, 3-1-4-2 లాంటివి మొదట్లో చిరాకు పుట్టిస్తాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు విడివిడిగా కదలడానికి మొరాయిస్తాయి కాబట్టే అలా. వేగం 50 దాటనివ్వకండి. ఎత్తిన వేలు తీగకు సెంటీమీటరు కంటే పైకి లేవకూడదు. చిటికెన వేలు గాల్లోకి ఎగిరిపోతుంటే వేగం ఇంకా తగ్గించాలి.

తర్వాతి పది నిమిషాలే అసలు కీలకం. మీ కసరత్తు పాటలోకి రాకపోవడానికి కారణం ఇక్కడుంది. ఆ కసరత్తులో చెయ్యి జరపడం లేదు, తీగ దాటడం లేదు, నిశ్శబ్దం లేదు. పాటలో ఉన్నవన్నీ అవే. నేర్చుకుంటున్న పాటలో తడబడే రెండు బార్లు (ఒక్కో బారుకు సాధారణంగా నాలుగు బీట్లు) తీసుకుని, సరిగ్గా ఏ రెండు స్వరాల మధ్య తెగుతోందో పట్టుకోండి. వాటిని, వాటికి ముందొక స్వరాన్ని, వెనకొక స్వరాన్ని మాత్రం తిప్పి తిప్పి వాయించండి. వరసగా ఐదుసార్లు శుభ్రంగా వచ్చాకే పక్క స్వరాలను కలుపుకోండి. మూడుసార్లు వరసగా తప్పితే మెట్రోనోమ్ ఎనిమిది అంకెలు దించండి.

మిగిలిన ఐదు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసి వినండి. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. ఖాళీ ‘ఈ’ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, అంత చిన్న స్పీకర్ దాన్ని పలికించలేదు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవాలి.

చర్చి బృందంలో బేస్ వాయిస్తాను. మొదటి నాలుగు ఫ్రెట్లలో వాయిస్తే పావుగంటకే ఎడమ అరచెయ్యి, బొటనవేలి మొదలు నొప్పి పెడుతున్నాయి. నొక్కు తగ్గిస్తే తీగ జరజరమంటోంది. నా చేతులు చిన్నవి. బేస్ నాకు సరిపడదేమో అనిపిస్తోంది.
— ఒక పాఠకుడు, గుంటూరు

సరిపడుతుందండీ. మీరు చేస్తున్న పని కష్టమైనది, చేతుల పరిమాణం తర్వాతి మాట. 34 అంగుళాల స్కేల్ (తీగ మోగే నిడివి) ఉన్న బేస్‌లో ఒకటో ఫ్రెట్‌కూ నాలుగో ఫ్రెట్‌కూ మధ్య దూరం దాదాపు 13 సెంటీమీటర్లు. అదే ఐదు నుంచి ఎనిమిదో ఫ్రెట్ వరకు అయితే పదింపావు సెంటీమీటర్లే. కింది ఫ్రెట్లలో ‘ఫ్రెట్‌కు ఒక వేలు’ అన్న నియమాన్ని పట్టుకుని వేలాడాల్సిన పని లేదు. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద బేస్) వాళ్లు ఏనాటి నుంచో వాడే పద్ధతి ఉంది: చూపుడు వేలు ఒక ఫ్రెట్ మీద, నడిమి వేలు పక్క ఫ్రెట్ మీద, మూడో ఫ్రెట్ మీద ఉంగరపు వేలూ చిటికెన వేలూ కలిపి. నాలుగో ఫ్రెట్ కావలసి వస్తే చెయ్యి మొత్తం ఒక ఫ్రెట్ జరపడమే, వేళ్లు చాచడం ఉండదు. ఐదో ఫ్రెట్ దాటాక ఫ్రెట్‌కు ఒక వేలు వాడుకోండి.

ఇక నొక్కు. ‘డి’ తీగ మీద ఏడో ఫ్రెట్ దగ్గర వేలును ఊరికే ఆనించి మీటండి, ‘టక్’ అని మూగ శబ్దం వస్తుంది. మీటుతూనే ఉండి, నొక్కును కొద్దికొద్దిగా పెంచండి. ముందు జరజర, ఆ తర్వాత ఒక్కసారిగా శుభ్రమైన స్వరం. అక్కడ ఆగండి. ఆ స్వరానికి కావలసిన బలం అంతే. మీరు మామూలుగా ఎంత నొక్కుతున్నారో పోల్చి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ఇప్పుడు అదే వేలును ఫ్రెట్ కమ్మీకి దగ్గరగా, దాని వెనక్కి ఆనుకునేలా జరిపి మళ్లీ చేయండి. ఇంకా తక్కువ బలంతో స్వరం పలుకుతుంది. రెండు ఫ్రెట్ల నడుమ నొక్కితే ఎక్కువ బలం కావాలి, అది తగ్గితే జరజర. మీ ఫిర్యాదులో సగం ఇదే అయి ఉంటుంది. ఈ కసరత్తు రోజూ రెండు నిమిషాలు, నాలుగు వేళ్లతో, నాలుగు తీగల మీద చేయండి.

ఇంకో పరీక్ష: బొటనవేలిని నెక్ మీద నుంచి పూర్తిగా తీసేసి నెమ్మదైన పాట ఒకటి వాయించండి. చేతి బరువు, మోచేతి బరువు తీగ మీద పడితే స్వరం వస్తుంది. బొటనవేలు లేకుండా అసలు వాయించలేకపోతున్నారంటే, ఇన్నాళ్లూ పట్టకారు పట్టు పడుతున్నట్టే. తర్వాత బొటనవేలిని తిరిగి నెక్ వెనక, చూపుడు వేలికీ నడిమి వేలికీ ఎదురుగా ఊరికే ఆనించండి.

మణికట్టు బాగా వంగితే ఎంత తక్కువ నొక్కినా నొప్పి వస్తుంది. కూర్చున్నప్పుడు బేస్ ఎంత ఎత్తులో ఉందో, నిలబడినప్పుడూ అంతే ఎత్తులో ఉండేలా స్ట్రాప్ కుదించండి. బేస్‌ను తొడల దాకా దించుకుని వాయించడం చూడటానికి బాగుంటుంది కానీ, ఎడమ మణికట్టు దాదాపు 90 డిగ్రీలు మడతపడుతుంది. నాలుగు కిలోల వాయిద్యానికి కనీసం మూడు అంగుళాల వెడల్పు స్ట్రాప్ వాడండి. నెక్ కిందికి వాలిపోతుంటే ఎడమచెయ్యి దాన్ని మోయడంలోనే అలసిపోతుంది. లోపలివైపు గరుకుగా ఉండే తోలు స్ట్రాప్ దీన్ని చాలావరకు ఆపుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా జరజర ఉంటే, తప్పు వాయిద్యంలో వెతకాలి. మొదటి నాలుగైదు ఫ్రెట్లలోనే ఉంటే నెక్ మరీ నిటారుగా ఉండవచ్చు. అంతటా ఉంటే తీగలు మరీ కిందికి ఉన్నట్టు. ఒకే ఒక చోట ఉంటే దాని పక్క ఫ్రెట్ కమ్మీ పైకి లేచినట్టు. పన్నెండో ఫ్రెట్ దగ్గర ‘జి’ తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు, ‘ఈ’ తీగ కింద రెండున్నర ఎడం ఉంటే చాలామందికి హాయిగా ఉంటుంది. మూడున్నర, నాలుగు ఉంటే ఏ చెయ్యైనా నొస్తుంది.

ఒక హెచ్చరిక. వేలి కొనల మంట, కండరాల అలసట మామూలే. తిమ్మిరి, జివ్వుమనడం మామూలు కాదు. బొటనవేలు, చూపుడు, నడిమి వేళ్లలో గానీ, ఉంగరపు వేలు, చిటికెన వేళ్లలో గానీ తిమ్మిరి వస్తుంటే సాధన ఆపి డాక్టరుకు చూపించండి. నొప్పిని ఓర్చుకుని వాయిస్తే చెయ్యి గట్టిపడుతుందన్న మాట నమ్మకండి.

బీటుకు నాలుగు స్వరాలు 100 వేగం దాకా వస్తాయి. ఆపైన కుడిచెయ్యి బిగుసుకుపోతుంది. నడిమి వేలు దెబ్బ గట్టిగా, చూపుడు వేలు దెబ్బ మెత్తగా పడుతున్నాయి.
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

100లో బీటుకు నాలుగంటే సెకనుకు దాదాపు ఏడు స్వరాలు, ఒక్కో వేలికి మూడు నాలుగు దెబ్బలు. దానికి కండబలం అక్కర్లేదు. వేలు తీగలోకి ఎంత లోతుగా దిగుతోందో చూడండి. సగం గోరు వరకు దిగితే, బయటికి వచ్చి మళ్లీ దిగడానికి అంత దూరం ప్రయాణించాలి. వేలి కొసలో రెండు మూడు మిల్లీమీటర్ల కండ తగిలితే చాలు. శబ్దం తగ్గిందనిపిస్తే ఆంప్ (యాంప్లిఫయర్) పెంచండి, వేలిని కాదు. హాస్టల్ గదుల్లో ఆంప్ లేకుండా సాధన చేసేవాళ్లకు వచ్చే జబ్బు ఇది. వినపడదు కాబట్టి గట్టిగా లాగుతారు, ఆ లాగుడే చేతికి అలవాటవుతుంది. చిన్న హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి కొనుక్కుంటే దీనికి మందు దొరికినట్టే.

మీటిన వేలు గాల్లోకి లేవకుండా, పై వరసలో ఉన్న పక్క తీగ మీదికి వచ్చి ఆగాలి. ‘డి’ మీటితే ‘ఏ’ మీద, ‘ఏ’ మీటితే ‘ఈ’ మీద. దీనివల్ల ప్రతి దెబ్బ లోతు ఒకేలా ఉంటుంది. ‘జి’ నుంచి ‘డి’కి దిగేటప్పుడు ఆ వేలు అప్పటికే ‘డి’ మీద ఆగి ఉంటుంది కాబట్టి అదే వేలితో ‘డి’ని మీటేయవచ్చు. ఎదురు దిశలో మాత్రం వేలు మార్చాలి. ఈ తేడా తెలియక, ఒకసారి అలా ఒకసారి ఇలా వాయించడం వల్లే చాలామందికి తీగ దాటే చోట తడబాటు వస్తుంది.

నడిమి వేలు పొడవు ఎక్కువ కాబట్టి తీగకు ఎక్కువ కండ తగులుతుంది. దాన్ని కాస్త వంచి, రెండు కొనలూ తీగ మీద ఒకే గీతలో పడేలా చెయ్యి తిప్పుకోండి. తర్వాత బీటుకు మూడు స్వరాల చొప్పున, మొదటి స్వరాన్ని నొక్కి వాయించండి. మూడు బేసి సంఖ్య కాబట్టి ఆ నొక్కు ఒక బీటులో చూపుడు వేలికి, తర్వాతి బీటులో నడిమి వేలికి వస్తుంది. మెత్తటి వేలు తప్పించుకోలేదు.

వేగానికి ఇలా చేయండి: మెట్రోనోమ్ 110, ఒక బీటులో నాలుగు స్వరాలు, తర్వాతి మూడు బీట్లలో ఒక్కొక్కటే. ఆ మూడు బీట్లలో చెయ్యి వదులవ్వాలి. అది సులువయ్యాక రెండు బీట్లు వేగం, రెండు విశ్రాంతి. ఎప్పుడూ బిగుసుకున్న చేత్తో కొనసాగించవద్దు. మొదట వెనక పికప్ (తీగల కింద ఉండి శబ్దాన్ని పట్టే భాగం) దగ్గర సాధన చేయండి, అక్కడ తీగ బిగువుగా ఉండి తక్కువ ఊగుతుంది.

ఇంకొక మాట. 1960లలో మోటౌన్ అనే అమెరికన్ సంస్థ రికార్డింగుల బేస్ లైన్లతో ఈ వాయిద్యపు దారినే మార్చిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. 100 దగ్గర ఆగిపోయినందుకు సంగీతం ఆగిపోదు.

కర్ణాటక గాత్రం కొన్నేళ్లు నేర్చుకున్నాను. సరళీ వరసలను బేస్ మీద కసరత్తుగా వాడుకోవచ్చా? ఉపయోగం ఉంటుందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

తప్పకుండా వాడుకోండి. పాశ్చాత్య పద్ధతి పుస్తకాల్లోని చాలా కసరత్తుల కంటే ఇవి మేలు, ఎందుకంటే స్వరం నోట్లో ముందే ఉంది. వేలు దాన్ని వెతుక్కుంటూ వెళుతుంది.

సా ను ‘సి’గా తీసుకుని మాయామాళవగౌళను ఇలా వేయండి. ‘ఈ’ తీగ మీద ఎనిమిదో ఫ్రెట్ స, తొమ్మిది రి. ‘ఏ’ తీగ మీద ఏడు గ, ఎనిమిది మ, పది ప. ‘డి’ తీగ మీద ఆరు ధ, తొమ్మిది ని, పది పై స. వేళ్లు: స నడిమి వేలు, రి ఉంగరపు వేలు, గ చూపుడు, మ నడిమి, ప చిటికెన. ధ కోసం చెయ్యి మొత్తం ఒక ఫ్రెట్ వెనక్కి జరిగి చూపుడు వేలు పడాలి, ని చిటికెన, పై స కోసం మళ్లీ ఒక ఫ్రెట్ ముందుకు జరిగి చిటికెన. ఈ రెండు జరుపుళ్లే ఇక్కడి పాఠం. వేలు చాచకుండా, బొటనవేలిని కూడా వెంట తీసుకెళ్లండి. పాడుతూ వాయిస్తే శ్రుతి తేడా, లయ తేడా రెండూ వెంటనే చెవికి దొరుకుతాయి.

మెట్రోనోమ్ 60, ఆది తాళం. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. మెట్రోనోమ్ వేగం మార్చకుండా మూడు కాలాలూ ఆపకుండా వాయించడం మామూలు స్కేల్ సాధనలో దొరకని పరీక్ష. మొదటి కాలంలో స్వరాలు పూర్తిగా సాగాలి, తర్వాతి స్వరం పడేదాకా ముందు స్వరం తెగకూడదు. అక్కడ తెగుతుంటే మూడో కాలానికి వెళ్లడంలో అర్థం లేదు.

జంట వరసలు కుడిచేతికి మంచివి. స-స, రి-రి అని వచ్చే జంటలో రెండో దెబ్బ మొదటిదానికంటే బలహీనంగా పడుతుంది. గాత్రంలో రెండో స్వరానికి నొక్కు ఇస్తారు కదా, వేళ్లతోనూ అలాగే ఇవ్వండి. దాటు వరసలు తీగలు దాటడానికి. గమకాల జోలికి మాత్రం ఇప్పుడే వెళ్లకండి. ఫ్రెట్లున్న బేస్‌లో మందమైన తీగను లాగి గమకం పలికించడం కష్టం, ముందు మణికట్టు తేలికపడాలి.

‘జి’, ‘డి’ తీగల మీద వాయిస్తుంటే వెనక ఏదో గుయ్యిమని మోగుతూనే ఉంటుంది. రిహార్సల్‌లో అందరూ ‘బేస్ బురదలా ఉంది’ అంటున్నారు.
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

‘డి’ తీగ రెండో ఫ్రెట్ వాయించి, ఒక సెకను తర్వాత ఆ తీగను ఆపేయండి. ఇంకా ఏదో వినిపిస్తుంది. అది ఖాళీ ‘ఈ’ తీగ. మీరు వాయించినది దానికి పై స్థాయి ‘ఈ’ కాబట్టి అది కూడా కలిసి మోగింది. వాయించడం ఎంత ముఖ్యమో, వాయించని తీగలను ఆపడం అంతే ముఖ్యం.

కుడి బొటనవేలిని పికప్ మీదే పాతేయకండి. ‘ఏ’ వాయించేటప్పుడు అది ‘ఈ’ మీదికి రావాలి. ‘డి’కి వెళ్లినప్పుడు ‘ఏ’ మీద ఆని, పక్కతో ‘ఈ’ని తాకాలి. ‘జి’కి వెళ్లినప్పుడూ బొటనవేలు అక్కడే ఉంటుంది, ‘డి’ తీగను ఆపేది మీటే వేళ్లే. కింది తీగలు వాయించేటప్పుడు పై స్థాయి తీగలను ఎడమచేతి వేళ్ల అడుగుభాగం ఆపాలి. ఒక్క వేలు మాత్రం ఐదు, ఏడు, పన్నెండో ఫ్రెట్ల మీద తేలిగ్గా ఆనితే తీగ ఆగకపోగా హార్మోనిక్ (సన్నటి పై స్థాయి స్వరం) మోగుతుంది. ఎప్పుడూ రెండు వేళ్లు ఆనించండి.

సాధన: నాలుగు తీగల మీద వరసగా ఒక్కో స్వరం, ఒక బీటు శబ్దం, ఒక బీటు నిశ్శబ్దం, వేగం 60. నిశ్శబ్దం నిజంగా నిశ్శబ్దమేనా అని హెడ్‌ఫోన్‌లో వినండి. ఇక ఆంప్‌లో బేస్ నాబ్ పెంచి ఉంటే మధ్యకు దించండి.

మెట్రోనోమ్‌తో సరిగ్గానే వస్తుంది. డ్రమ్మర్‌తో వాయిస్తే పరిగెత్తుతున్నానని అంటున్నారు.
— ఒక పాఠకుడు, నెల్లూరు

ప్రతి బీటుకూ క్లిక్ ఉంటే లయను అదే మోస్తుంది, మీరు దాని వెనక నడుస్తారు. పాట వేగం 80 అయితే మెట్రోనోమ్ 40లో పెట్టి, ఆ క్లిక్‌ను 2, 4 బీట్లుగా లెక్కించండి. అది నిలబడ్డాక, 120 వేగం పాటకు 30లో పెట్టి బారుకు ఒక్క క్లిక్‌తో వాయించండి. పరుగు ఎక్కడ మొదలవుతుందో అప్పుడు తెలుస్తుంది. చాలామందికి అది స్వరాల్లో ఉండదు, ఖాళీల్లో ఉంటుంది. ఖాళీని కూడా నోటితో లెక్కపెట్టండి.

స్లాప్ (బొటనవేలితో తీగను కొట్టి వాయించడం) నేర్చుకుంటున్నాను. బొటనవేలి దెబ్బ తీగకు అంటుకుపోయి, స్వరం చచ్చిపోతోంది.
— ఒక పాఠకుడు, చెన్నై

మణికట్టును పైకీ కిందికీ ఆడించకుండా, ముంజేతిని తాళంచెవి తిప్పినట్టు తిప్పండి. బొటనవేలి పక్క ఎముక, చివరి ఫ్రెట్ దగ్గర తీగకు తగిలి వెంటనే వెనక్కి రావాలి. గట్టిగా కొట్టేకొద్దీ అంటుకుంటుంది. ‘ఈ’ తీగ మీద బీటుకు ఒక్క దెబ్బ, 60లో, వారం పాటు అదొక్కటే. తర్వాత ‘ఈ’ ఐదో ఫ్రెట్ బొటనవేలితో, ‘డి’ ఏడో ఫ్రెట్ చూపుడు వేలితో లాగి, ఒకే స్వరాన్ని కింది, పై స్థాయిల్లో జంటగా వాయించండి.

మా పదకొండేళ్ల అమ్మాయి బేస్ నేర్చుకుంటానంటోంది. పెద్దది కొనాలా, చిన్నది కొనాలా? ఎంతసేపు సాధన చేయించాలి?
— ఒక తల్లి, డాలస్

30 అంగుళాల షార్ట్ స్కేల్ కొనండమ్మా. ఒకటి నుంచి నాలుగో ఫ్రెట్ దూరం పదకొండున్నర సెంటీమీటర్ల లోపే ఉంటుంది, తీగల బిగువూ తక్కువ. పెద్దయ్యాక కూడా వాడుకోవచ్చు, అది పిల్లల బొమ్మేం కాదు. కొన్న రోజే దుకాణంలో సెటప్ చేయించి తీగల ఎత్తు తగ్గించండి. రోజూ పది నిమిషాలు, అందులో సగం తనకిష్టమైన పాటే. వేలి కొనల మీద నీటి బొబ్బ వస్తే చిదపకండి, రెండు మూడు రోజులు ఆపి, తగ్గాక మళ్లీ మొదలుపెట్టించండి.